పిల్లికి పెరుగన్నం చాలునా?



మన తెలుగువారికి పిల్లి అనగానే పాలు గుర్తుకు వస్తాయి. పిల్లి కళ్ళు మూసుకొని పాలు త్రాగుతూ తననెవరూ చూడడం లేదనుకుంటుందని చెప్పని తల్లి ఉండదు. పూర్వం పాలకుండకూ పెరుగుకుండకూ ఉట్టి కట్టింది కూడా పిల్లి భయానికే. అందుచేత ఇంట్లో పిల్లిని పెంచుకుంటే దానికి ఏమి పెట్టాలన్న ప్రశ్న మనకు రానే రాదు. ప్రొద్దున కాసిని పాలు, మధ్యాహ్నం ఇంత పెరుగన్నం. మిగిలితే రాత్రికీ అదే. మా ఇంట్లోనూ అలాగే జరిగింది. దానివల్ల ఒక మూగప్రాణి ఎంత కష్టపడిందో ఈ నెల మీతో చెప్పుకోవాలని ఉంది.

మేము విజయవాడలో ఒక అపార్ట్‌మెంటు మూడవ అంతస్తులో ఉంటాం. మా అమ్మాయి ఒక వర్షపు రోజున మెట్ల క్రింద వణుకుతున్న పిల్లికూనను ఒడిలో పెట్టుకొని తెచ్చింది. చిట్టి అని పేరు పెట్టింది. దోమలు రాకుండా కిటికీలన్నిటికీ మెష్ వేయించాం గనుక చిట్టి ఎక్కువగా ఇంట్లోనే ఉండేది. వారమంతా పెరుగన్నం, ఆదివారం మేము తినే కోడికూరలోనో చేపల కూరలోనో నాలుగు ముక్కలు. అదే దాని భోజనం.

2019 మార్చిలో లెంటు దినాలు మొదలైనాయి. మా ఇంట్లో ఆ నలభై రోజులూ నీచు వండం. కోడిగుడ్డు కూడా ముట్టం. అదే సమయంలో చిట్టి మంచం క్రింద అట్టపెట్టెలో నాలుగు పిల్లలను పెట్టింది. బాలింత గదా అని నేను దానికి పాలు ఎక్కువ పోశాను. పెరుగన్నం మెత్తగా కలిపి రెండుసార్లు పెట్టాను. లోపమేమీ చేయడం లేదనే నా నమ్మకం.

మూడు వారాలు తిరిగేసరికి చిట్టి వెన్నుపూస చేతికి తగలసాగింది. నున్నగా ఉండే బొచ్చు గడ్డిపరకలా నిలబడి, నిమిరితే చేతికి ఊడివస్తోంది. విరేచనాలు పట్టుకున్నాయి. ఒక ఉదయం పెట్టెలో ఒక పిల్ల కదలడం లేదు. మర్నాటికి రెండవది. మా అమ్మాయి ఏడుస్తూ స్కూలుకు వెళ్ళనని కూర్చుంది. ఆ రోజే చిట్టినీ మిగిలిన రెండు పిల్లలనూ బుట్టలో పెట్టుకొని పశువుల ఆసుపత్రికి పరుగెత్తాం.

డాక్టరుగారు చిట్టిని తూచారు. రెండు కిలోల నాలుగు వందల గ్రాములు.

"ఏం పెడుతున్నారమ్మా దీనికి?" అని అడిగారు.

"పాలు, పెరుగన్నం అండీ. లెంటు గదా, ఇంట్లో నీచు వండడం లేదు" అన్నాను.

ఆయన కోప్పడలేదు. "ఉపవాసం మీరు పెట్టుకున్నారు. దీన్ని ఎవరు అడిగారమ్మా?" అన్నారు. "ఇది తన కండ కరిగించి పిల్లలకు పాలిస్తోంది. ఆ కండ కూడా అయిపోవస్తోంది."

ఆ మాట నా గుండెలో గుచ్చుకుంది. ఆనాటి నుండి ఆయన్నీ, ఆ తరువాత పుస్తకాలనీ అడిగి తెలుసుకున్నదే ఇక్కడ వ్రాస్తున్నాను.

అమ్మమ్మ ఇంటి పిల్లి ఎలా బ్రతికింది?

మొదట నాకు వచ్చిన సందేహమే మీకూ వచ్చి ఉంటుంది. "మా అమ్మమ్మగారి ఊళ్ళో పిల్లి పెరుగన్నం తినే పదేళ్ళు బ్రతికింది గదా!" అని. మా అత్తగారు కూడా అదే అన్నారు. నిజమే, బ్రతికింది. అయితే ఆ పిల్లి తిన్నది పెరుగన్నం ఒక్కటే కాదు. ధాన్యపు పురి దగ్గర ఎలుకలు, గోడ మీద బల్లులు, పెరట్లో పిచ్చుకలు, తొండలు, చేపలు కడిగిన చోట తలకాయలు, తోకలు. మనం పెట్టినది దానికి చిరుతిండి. అసలు భోజనం అది తానే సంపాదించుకొనేది. రాత్రంతా ఎక్కడ తిరిగిందో, ఏమి తిన్నదో మనం చూడలేదు. ప్రొద్దున్నే వచ్చి మనం పోసిన పాలు త్రాగడం మాత్రమే చూశాం.

ఇప్పుడు మనం పట్నాలలో, మూడు నాలుగు అంతస్తుల పైన, తలుపులూ కిటికీలూ బిగించిన ఇళ్ళలో పిల్లిని పెంచుతున్నాం. అక్కడ ఎలుక లేదు, బల్లి కూడా అరుదే. పాత పెరుగన్నం అలాగే ఉండిపోయింది గానీ, దాని ప్రక్కన ఉండవలసిన అసలు భోజనం పోయింది. తలుపు మూసింది మనం గనుక ఆ లోటు తీర్చవలసిన బాధ్యత కూడా మనదే.

స్వతంత్రంగా తిరిగే పిల్లులు ఏమేమి తింటున్నాయో లెక్కగట్టి 2011లో ఒక పరిశోధన ప్రచురించారు. వాటికి అందే శక్తిలో సుమారు 52 శాతం మాంసకృత్తుల నుండి, 46 శాతం కొవ్వు నుండి వస్తున్నది. పిండిపదార్థాల నుండి వచ్చేది 2 శాతమే. మన పెరుగన్నంలో పిండిపదార్థానిదే పెద్ద వాటా. ఎంత తలక్రిందులైన భోజనం పెడుతున్నామో చూడండి.

ఆరని పొయ్యి

మాంసకృత్తులు, అనగా ప్రొటీన్లు, మనకూ కావాలి, కుక్కకూ కావాలి. మరి పిల్లికే అంత ఎక్కువ ఎందుకు?

మన శరీరానికి ఒక సర్దుబాటు తెలుసు. ప్రొటీన్లు తక్కువగా తిన్న రోజులలో కాలేయం వాటి ఖర్చును తగ్గించుకుంటుంది. అన్నం, కొవ్వు నుండి శక్తి తీసుకొని ప్రొటీన్లను పొదుపు చేస్తుంది. పిల్లికి ఈ పొదుపు సరిగా చేతకాదు. దాని కాలేయంలో ప్రొటీన్లను విడగొట్టే పని ఎప్పుడూ పెద్ద మంట మీదే సాగుతుంటుంది. తిన్నా తినకపోయినా ఆ పొయ్యి తగ్గదు. బయట కట్టెలు అయిపోతే ఇంటి వాసాలు పీకి పొయ్యిలో పెట్టుకున్నట్లు, ఆహారంలో ప్రొటీను చాలకపోతే అది తన కండనే కరిగించుకుంటుంది. చిట్టి వెన్నుపూస చేతికి తగిలింది అందుకే.

పిల్లిది పులి వంశమే గదా. పులి ఆకలితో ఉన్నా గడ్డి మేయదంటారు. ఇది పౌరుషం సంగతి కాదు, దాని శరీర నిర్మాణమే అంత. మాంసమే తింటూ వచ్చిన జంతువు గనుక, మాంసంలో సిద్ధంగా దొరికే పదార్థాలను స్వయంగా తయారు చేసుకునే శక్తి దానికి లేదు. క్యారెట్‌లోని పసుపురంగు పదార్థం నుండి మనం విటమిన్ ఎ తయారు చేసుకోగలం, పిల్లి చేసుకోలేదు. చివరకు తీపి రుచి కూడా దానికి తెలియదు. తీపిని గుర్తించే జన్యువు పిల్లిజాతిలో పాడైపోయి ఉందని అమెరికాలో ఫిలడెల్ఫియాలోని మోనెల్ కేంద్రం శాస్త్రజ్ఞులు 2005లో కనుగొన్నారు.

టారీన్ కథ

ప్రొటీను ఎంత అన్నదొక్కటే కాదు, ఎక్కడి నుండి వచ్చినది అన్నది కూడా ముఖ్యమే. టారీన్ అనే పదార్థం మాంసంలో, చేపలో ఉంటుంది. మన శరీరం దానిని తయారు చేసుకుంటుంది. పిల్లి మాత్రం తనకు చాలినంత తయారు చేసుకోలేదు.

1975లో అమెరికా శాస్త్రజ్ఞులు ఒక సంగతి ప్రకటించారు. ప్రొటీను కోసం కేసీన్ ఒక్కటే పెట్టి పెంచిన పిల్లులకు కంటిలోని రెటీనా పొర క్షీణించింది. టారీన్ లోపించడమే కారణమని తేలింది. కేసీన్ అంటే మరేమో కాదు, పాలలో ఉండే ప్రొటీనే. పిల్లికి పాలే ప్రాణమనుకునే మనం ఈ సంగతి మరువకూడదు.

1987లో కాలిఫోర్నియాలోని డేవిస్ విశ్వవిద్యాలయపు పశువైద్యుడు పాల్ పయన్, ఆయన సహచరులు మరొకటి చెప్పారు. గుండె కండరం సాగిపోయి, బలహీనపడి చనిపోతున్న పిల్లుల రక్తంలో టారీన్ చాలా తక్కువగా ఉన్నదట. టారీన్ ఇవ్వగా ఎన్నో గుండెలు తిరిగి బాగుపడ్డాయి. విచిత్రమేమంటే, ఆ పిల్లులు కంపెనీలు తయారు చేసి అమ్ముతున్న ఆహారమే తింటున్నాయి. ఆ తరువాత కంపెనీలు తమ ఆహారంలో టారీన్ పెంచాయి. ఆ జబ్బు కూడా బాగా తగ్గిపోయింది.

ఈ లోపం ఒక్క రోజులో బయటపడదు. నెలల తరబడి లోలోపల సాగుతుంది. పిల్లి గంతులు వేస్తూనే ఉంటుంది, మనం బాగానే ఉందనుకుంటాం. రెటీనా ఒకసారి పూర్తిగా పాడైతే ఆ చూపు తిరిగి రాదు.

మన వంటింటి లెక్క

ఇక లెక్క చూద్దాం. పెద్ద మనిషికి రోజుకు శరీర బరువులో కిలోకు సుమారు 0.8 గ్రాముల ప్రొటీను చాలంటారు. పిల్లి కండ తగ్గకుండా ఉండాలంటే కిలోకు సుమారు 5 గ్రాములు కావాలని 2013లో ప్రచురితమైన ఒక పరిశోధన తేల్చింది. అంటే మనకన్నా ఆరు రెట్లు. నాలుగు కిలోల పిల్లికి రోజుకు 20 గ్రాములన్నమాట.

నూరు గ్రాముల అన్నంలో ప్రొటీను మూడు గ్రాముల లోపే. నూరు గ్రాముల పెరుగులో మూడు, మూడున్నర. రెండూ కలిపితే ఆరు గ్రాములు. 20 గ్రాములు రావాలంటే పిల్లి ఆరు వందల గ్రాముల పైగా పెరుగన్నం తినాలి. నాలుగు కిలోల ప్రాణికి అది సాధ్యమా? దానికి రోజుకు కావలసిన శక్తి 200 నుండి 250 కేలరీలు. రెండు వందల గ్రాముల పెరుగన్నం తినేసరికే దాదాపు అంత శక్తి వచ్చేస్తుంది, కడుపు నిండిపోతుంది. కడుపు నిండినా ప్రొటీను మూడో వంతే అందుతుంది. ఇదే మోసం. గిన్నె ఖాళీ అయింది గదా అని మనం తృప్తి పడతాం.

పాలు పెంచుదామా అంటే, పెద్ద పిల్లులలో చాలావాటికి పాలలోని చక్కెర అరగదు. విరేచనాలు పట్టుకుంటాయి. చిట్టికి జరిగింది అదే. నేను ప్రేమతో ఎక్కువ పోసిన పాలే దానికి చేటయ్యాయి. పప్పు, మీల్‌మేకర్ పెడదామా అంటే, వాటిలో ప్రొటీను ఉన్నది గానీ టారీన్ లేదు.

నూరు గ్రాముల పచ్చి కోడిమాంసంలో లేక చేపలో ఎముకా ముల్లూ తీసివేయగా సుమారు 20 గ్రాముల ప్రొటీను ఉంటుంది. కోడిగుడ్డు ఒకదానిలో ఆరు గ్రాములు. ఇప్పుడు మీకే తెలుస్తుంది, పిల్లి గిన్నెలో ఏది ఎక్కువ ఉండాలో, ఏది పేరుకు మాత్రం ఉండాలో.

ఇంట్లో వండి పెట్టేవారికి

మాంసాన్ని ఉప్పు, కారం, మసాలా లేకుండా ఉడికించండి. మన కూరలోని ముక్క కడిగి పెడితే చాలదు. ఉల్లి, వెల్లుల్లి పిల్లి రక్తకణాలను పాడుచేస్తాయి, అవి కూరలో కరిగిపోయి ముక్కకు పట్టే ఉంటాయి.

ఉడికించిన నీటిని పారబోయవద్దు. టారీన్ నీటిలోకి దిగుతుంది. చల్లార్చి ఆ నీరు కూడా ముక్కలతో పోయండి.

రొమ్ము మాంసం కన్నా కాలి మాంసంలో, గుండెకాయలో టారీన్ ఎక్కువ. కోళ్ళ దుకాణంలో గుండెకాయలు అడిగి తెచ్చుకోండి. కార్జం వారానికి ఒకటి రెండుసార్లు కొద్దిగా మాత్రమే పెట్టండి, ఎక్కువైతే విటమిన్ ఎ ఎక్కువై ఎముకలకు హాని.

చేపలు ఉడికించి, ముళ్ళు తీసి పెట్టండి. కొన్ని రకాల పచ్చి చేపలలో బి1 విటమిన్‌ను నాశనం చేసే పదార్థం ఉంటుంది. ఉడికిన కోడి ఎముకలు చీలి గొంతులో గుచ్చుకుంటాయి, పెట్టకండి.

ఇంకొక మాట. ఎముక లేని మాంసం ఒక్కటే పెట్టినా పూర్తి భోజనం కాదు. అడవిలో పిల్లి ఎలుకను ఎముకలతో సహా తింటుంది, దానికి కాల్షియం అక్కడి నుండి వస్తుంది. అందుచేత ఎప్పుడూ ఇంటి వంటే పెట్టేవారు కాల్షియం, టారీన్ ఎంత కలపాలో పశువైద్యుని అడిగి తెలుసుకోవాలి.

ప్యాకెట్టు కొనేవారికి

అమెరికాలో పశువుల ఆహారానికి ప్రమాణాలు నిర్ణయించే ఆఫ్కో అనే సంఘం లెక్క ప్రకారం, నీరు తీసివేసి చూస్తే, పెద్ద పిల్లి ఆహారంలో కనీసం 26 శాతం, కూనలకూ చూలు పిల్లులకూ బాలింత పిల్లులకూ కనీసం 30 శాతం ప్రొటీను ఉండాలి. పెద్ద కుక్కకైతే 18 శాతమే. కుక్క కోసం కొన్న ఆహారం పిల్లికి ఎందుకు పెట్టకూడదో దీనితో అర్థమవుతుంది.

ప్యాకెట్టు మీద అంకె చూసేటప్పుడు నీటి సంగతి మరువకండి. పొడి గింజల ప్యాకెట్టు మీద ప్రొటీను 32, తేమ 10 అని ఉన్నదనుకోండి. నీరు తీస్తే మిగిలిన 90లో 32, అంటే సుమారు 36 శాతం. తడి ఆహారం మీద ప్రొటీను 9, తేమ 82 అని ఉంటే, మిగిలిన 18లో 9, అంటే సగం! తొమ్మిది అంకె చూసి ఇదేమి ఆహారం అనుకుంటాం గానీ, అందులోనే ప్రొటీను వాటా ఎక్కువ. పైగా నీళ్ళు తక్కువ త్రాగే పిల్లికి ఆ తడి కూడా మేలే.

ఏ ఆహారమైనా వారం పది రోజులలో మెల్లమెల్లగా పాతదానిలో కలుపుతూ మార్చండి. ఆకలైతే అదే తింటుందిలే అని పస్తు పెట్టకండి. పిల్లి రెండు రోజులు అన్నం ముట్టకపోతే కాలేయంలో కొవ్వు చేరి ప్రాణం మీదికి రావచ్చు. ముఖ్యంగా లావుపాటి పిల్లుల విషయంలో జాగ్రత్త.

వయసు మళ్ళిన పిల్లికి మూత్రపిండాలు పాడవుతాయేమోనని ముందుగానే మాంసం తగ్గించేవారున్నారు. ఆరోగ్యంగా ఉన్న పిల్లికి అలా చేయవద్దు. ముసలితనంలో అరుగుదల తగ్గి కండ త్వరగా కరుగుతుంది గనుక మంచి ప్రొటీను అప్పుడే ఎక్కువ అవసరం. జబ్బు ఉన్నదని పరీక్షలో తేలితే మాత్రం డాక్టరు చెప్పిన ఆహారమే పెట్టండి.

మన నియమం మనది

మాంసం ముట్టని ఇళ్ళలో పిల్లిని పెంచేవారు, మావలె కొన్ని దినాలు మాని ఉండేవారు, నా మాట మన్నించి వినండి. మానడం మనం తెలిసి తీసుకున్న నిర్ణయం. మన శరీరం దానికి సర్దుకుంటుంది. పిల్లి శరీరం సర్దుకోలేదు, వద్దని మనతో చెప్పలేదు. మన నియమం దాని గిన్నెలోకి పోతే అది మనకు నియమం, దానికి ఆకలి. గిన్నెలో మాంసం పెట్టడానికి మనసొప్పకపోతే, పిల్లికి కావలసినవన్నీ ఉన్న ప్యాకెట్టు ఆహారం తెచ్చి పెట్టవచ్చు. అదీ ఇష్టం లేకపోతే పిల్లిని పెంచకపోవడమే దానికి మేలు.

చిట్టి సంగతి చెప్పి ముగిస్తాను. ఆ సాయంత్రమే మా వారు వెళ్ళి కోడిమాంసం తెచ్చారు. లెంటులో మా ఇంటి పొయ్యి మీద మాంసం ఉడకడం అదే మొదటిసారి. మా అత్తగారు కాసేపు మాట్లాడలేదు. తరువాత తానే వచ్చి ముళ్ళూ ఎముకలూ ఉన్నాయేమోనని ముక్కలు వ్రేళ్ళతో నలిపి చూసి గిన్నెలో పెట్టారు. చిట్టి లేచి నిలబడి తిన్నది. మే నెలాఖరుకు మూడు కిలోలకు వచ్చింది. మిగిలిన రెండు పిల్లలూ బ్రతికాయి. ఒకటి మా దగ్గరే ఉన్నది, ఇంకొకటి క్రింది అంతస్తువారింట్లో పెరుగుతున్నది. చిట్టికి ఆ తరువాత ఆపరేషన్ చేయించాం. పోయిన రెండింటి మాట మా అమ్మాయి ఇప్పటికీ ఎత్తదు, నేనూ ఎత్తను.

ఇప్పుడు లెంటు వచ్చిందంటే మా ఫ్రిజ్ పై అరలో ఒక చిన్న స్టీలు డబ్బా ఉంటుంది. అది చిట్టిది, దాని కూతురిది. మేము పప్పన్నం తింటాం, అవి వాటి భోజనం తింటాయి.

మీ ఇంట్లో పిల్లి ఉంటే ఈ రోజు దాని వీపు మీద ఒకసారి చేయి వేసి చూడండి. వెన్నుపూస చేతికి గట్టిగా తగులుతున్నదా? బొచ్చు నున్నగా ఉన్నదా? ఆ తరువాత దాని గిన్నెలోకి చూడండి. మార్చవలసినది ఉంటే రేపటికి వాయిదా వేయకండి.